కాల్లో రాడ్డా? భయం వద్దు.. జాప్యం అసలే వద్దు!

కాలి ఎముక విరిగిందనగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే. కట్టు కట్టిద్దామా, ఆపరేషన్‌ చేయిద్దామా? రాడ్డు వేస్తే జీవితాంతం నొప్పి ఉంటుందట కదా? షుగర్‌ ఉంది, పుండు మానుతుందా? వీటన్నింటికీ సమాధానాలు ఉన్నాయి. అయితే ఆ చర్చలో గడిచిపోయే మొదటి ఒకటి రెండు రోజులే చాలాసార్లు కాలు ఏమవుతుందో తేల్చేస్తాయి.

రాత్రి పదిన్నర. విజయవాడలో పని ముగించుకుని బైకు మీద ఇంటికి వెళ్తున్న ముప్పై ఎనిమిదేళ్ల వ్యక్తి, కంకిపాడు దగ్గర జాతీయ రహదారి పక్కన ఆగి ఉన్న చెరకు ట్రాక్టరును చూసుకోలేదు. ట్రాక్టరుకు వెనక లైటు లేదు. 108లో తీసుకొచ్చేసరికి స్పృహలోనే ఉన్నాడు. కుడి కాలు మోకాలికీ చీలమండకూ మధ్య పక్కకు వంగిపోయి ఉంది. ముందువైపు రూపాయి బిళ్లంత గాయం. అందులోంచి సన్నగా రక్తం కారుతోంది.

నేను ఎముకల డాక్టరును కాదు, జనరల్‌ మెడిసిన్‌ ఫిజీషియన్‌ని. ఆపరేషన్‌ చేసేది ఆర్థోపెడిక్‌ సర్జన్లు. రోగి ఒళ్లు ఆపరేషన్‌ను తట్టుకుంటుందా, ముందు ఏం సరిచేయాలి అన్నది చూడమని మమ్మల్ని పిలుస్తారు. ఆ రాత్రి కూడా అలాగే పిలిచారు. కారణం షుగర్‌. 280 ఉంది. తనకు షుగర్‌ ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు.

వెంట వచ్చిన మేనమామ నన్ను పక్కకు పిలిచారు. ‘‘డాక్టరు గారూ, షుగరున్న కాలికి కత్తి పెడితే కాలే పోతుందంటారు. మాకు తెలిసిన కట్టు వైద్యుడున్నాడు. ఇప్పటికి నొప్పి తగ్గే ఇంజెక్షన్‌ ఇవ్వండి, పొద్దున్నే తీసుకెళ్లిపోతాం’’ అన్నారు. ఆయనది మూర్ఖత్వం కాదు, మేనల్లుడి మీద ప్రేమ, పది చోట్ల విన్న మాటల భయం. ఆయనకు ఆ రాత్రి చెప్పిన మాటలే ఇక్కడ కాస్త వివరంగా చెబుతున్నాను.

విరిగేది ఎముక ఒక్కటే కాదు

ఎముక అంటే ఎండు కట్టె కాదు. లోపల మూలుగ, రక్తనాళాలు, చుట్టూ కండరాలు, నరాలు ఉంటాయి. తొడ ఎముక మధ్యలో విరిగితే చర్మం మీద చిన్న గీత కూడా లేకుండానే తొడ లోపలే లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం పోవచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు ఐదు లీటర్లు. అందుకే తొడ విరిగిన మనిషి ‘గాయం ఏమీ లేదు కదా’ అనుకుంటుండగానే షాక్‌లోకి వెళ్లిపోగలడు.

మోకాలి కింద ఉండే పెద్ద ఎముకది మరో రకం ఇబ్బంది. దాన్ని టిబియా అంటాం. కాలి ముందువైపు తడిమి చూసుకోండి, చర్మం కిందే చేతికి తగులుతుంది. కండ రక్షణ తక్కువ కాబట్టి విరిగిన ముక్క సులువుగా చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. రక్త ప్రసరణా తక్కువే కాబట్టి అతుక్కోవడం కూడా ఆలస్యం. ఎముకకు, బయటి గాలికి దారి ఏర్పడితే దాన్ని ఓపెన్‌ ఫ్రాక్చర్‌ అంటాం. గాయం రూపాయి బిళ్లంత ఉన్నా, శెనగ గింజంత ఉన్నా అది ఎమర్జెన్సీయే. యాంటీబయాటిక్‌ ఇంజెక్షన్‌ వీలైతే గంటలోపే పడాలి. టీటీ ఇవ్వాలి. ఆపరేషన్‌ థియేటర్లో గాయాన్ని తెరిచి మట్టి, చచ్చిన కండ తీసేసి శుభ్రంగా కడగాలి. ఆ గాయం మీద పసరు పోసి కట్టు కడితే ఎముక లోపలికే చీము చేరుతుంది. ఎముకలో పట్టిన చీము నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి వదలదు.

కట్టు ఎప్పుడు చాలు?

కట్టును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు అరుదు. ఎముకకు తనంతట తాను అతుక్కునే గుణం ఉంది. ముక్కలు జరగకుండా, చర్మం చిట్లకుండా, కీలు దెబ్బ తినకుండా ఉన్న చిన్న ఫ్రాక్చర్లకు సిమెంటు కట్టు వేసి మేం కూడా పంపేస్తాం. పిల్లల ఎముకలు చాలావరకు కట్టుతోనే చక్కబడతాయి. కట్టు చేసే పని ఒక్కటే, ఎముక కదలకుండా పట్టి ఉంచడం.

చిక్కల్లా కట్టు పట్టి ఉంచలేని ఎముకలతోనే. పెద్దవాళ్ల తొడ ఎముక చుట్టూ బలమైన కండరాలు ఉంటాయి. విరగ్గానే అవి ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. పైన ఎంత గట్టి కట్టు కట్టినా ఆ లాగుడు ఆగదు. ఎముక అతుక్కున్నా కాలు పొట్టిదవుతుంది, లేదా పాదం బయటికి తిరిగిపోతుంది. ఎముక మూడు నాలుగు ముక్కలైనా, మోకాలు లేదా చీలమండ కీలులోకి పగులు వెళ్లినా ఇదే కథ. పూర్వం ఇలాంటివాళ్లను కాలికి బరువులు కట్టి వారాల తరబడి మంచం మీదే ఉంచేవారు. ఎముక సంగతి ఎలా ఉన్నా, మంచాన పడటం వల్ల వచ్చే పుండ్లు, న్యుమోనియా, రక్తం గడ్డలు వాళ్లను మరింత కుంగదీసేవి.

మరీ బిగుతైన కట్టు మరో ప్రమాదం. ‘మయూరి’ సినిమా చూసినవాళ్లకు సుధాచంద్రన్‌ కథ గుర్తుండే ఉంటుంది. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె కాలికి దెబ్బ తగిలింది. చీలమండ దగ్గరి గాయాన్ని గమనించకుండా పైన కట్టు వేయడంతో కుళ్లు పట్టి కాలే తీసేయాల్సి వచ్చింది. జైపూర్‌ కాలుతో ఆమె మళ్లీ నాట్యం చేయడం గొప్ప విషయం. కానీ ఆ కథలో మనం నేర్చుకోవాల్సింది మరొకటి కూడా ఉంది. ఏ కట్టయినా సరే, దాని కింద ఏం జరుగుతోందో కనిపెడుతూ ఉండాలి.

రాడ్డు.. లోపలి నుంచి ఊతం

జనం రాడ్డు అనేదాన్ని మేం నెయిల్‌ అంటాం. తొడ ఎముక, టిబియా రెండూ మధ్యలో వెదురు బొంగులా బోలుగా ఉంటాయి. ఆ బోలులోకి పొడవాటి లోహపు కడ్డీని పంపి, విరిగిన రెండు భాగాలనూ ఒకే గాడిలో నిలబెడతారు. జర్మనీకి చెందిన సర్జన్‌ గెర్హార్డ్‌ కుంట్షర్‌ 1939లో కీల్‌ నగరంలో ఈ పద్ధతి మొదలుపెట్టారు. మొదట్లో తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఖైదీలుగా ఉన్న అమెరికన్‌ సైనికులు ఇళ్లకు చేరాక, వాళ్ల తొడ ఎక్స్‌రేల్లో కనిపించిన కడ్డీలను చూసి అక్కడి డాక్టర్లు ఆశ్చర్యపోయారు.

ఆ తొలి కడ్డీలకు ఒక లోపం ఉండేది. ఎముక ముక్కలు ముక్కలైతే కడ్డీ చుట్టూ అవి తిరిగిపోయేవి, కిందికి జారిపోయేవి. దాన్ని సరిచేసిందే ఇంటర్‌లాకింగ్‌ నెయిల్‌. కడ్డీకి పైనా కిందా రంధ్రాలు ఉంటాయి. ఎముకకు అడ్డంగా స్క్రూలు దించి, ఆ రంధ్రాల గుండా పంపి బిగిస్తారు. దాంతో కాలు పొట్టిదవదు, పాదం తిరగదు. కష్టమైన ఫ్రాక్చర్లలో నెయిల్‌తో పాటు స్క్రూలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఆపరేషన్‌ అనగానే కాలంతా కోస్తారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. టిబియాకైతే మోకాలి దగ్గర, తొడ ఎముకకైతే ఎక్కువగా తుంటి దగ్గర చిన్న గాటు పెట్టి కడ్డీని లోపలికి పంపుతారు. స్క్రూల కోసం సెంటీమీటరంత గాట్లు పడతాయి. ఎముక ఎక్కడుందో, కడ్డీ ఎక్కడిదాకా వెళ్లిందో సీ-ఆర్మ్‌ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద ఎప్పటికప్పుడు చూపిస్తుంది. విరిగిన చోటును తెరవకపోవడం వల్ల అక్కడ ఎముకను అతికించే రక్తం గడ్డ, పైపొర చెదరకుండా ఉంటాయి. చాలామందికి నడుముకు మత్తు ఇంజెక్షన్‌ ఇస్తే చాలు.

అన్నింటికీ రాడ్డేనా? కాదు. పగులు మోకాలు, చీలమండ కీళ్లలోకి వెళ్లినప్పుడు ఎక్కువగా ప్లేట్లు, స్క్రూలు వాడతారు. గాయం పెద్దదై మురికి పట్టి ఉంటే ముందు బయటి నుంచే కడ్డీలతో ఎముకను నిలబెట్టి, గాయం శుభ్రపడ్డాక అసలు ఆపరేషన్‌ చేస్తారు. బయట చువ్వలతో ఉన్న కాలును చూసి భయపడొద్దు. అది చాలాసార్లు తాత్కాలికమే.

షుగర్‌ ఉంటే ఆపాలా?

ఇది నా పరిధిలోని ప్రశ్న. జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తుంటి ఎముక విరిగిన డెబ్బై రెండేళ్ల పెద్దావిడను చూశాను. షుగర్‌ 300 దాటింది. ‘పూర్తిగా అదుపులోకి వచ్చాకే ఆపరేషన్‌’ అని రాశాను. ఒకరోజు షుగర్‌ తగ్గేది, మర్నాడు పెరిగేది. అలా ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు ఆవిడకు ఆయాసం మొదలైంది. న్యుమోనియా. ఆపరేషన్‌ బల్ల దాకా ఆవిడ వెళ్లనే లేదు. విరిగిన ఎముక పెట్టే నొప్పి, ఒత్తిడే షుగర్‌ను పెంచుతాయన్నది నేను పుస్తకంలో చదివాను. దాని అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు అలా ఆపను. ఆపరేషన్‌ అత్యవసరమైతే సెలైన్‌తో పాటు ఇన్సులిన్‌ ఇస్తూ, గంట గంటకూ పరీక్షిస్తూ షుగర్‌ను 180 దరిదాపులకు తెస్తాం. రక్తంలో కీటోన్లు లేకుండా చూసుకుంటాం. దీనికి రోజులు పట్టవు, గంటలు చాలు. పెద్దవాళ్లలో తుంటి దగ్గర ఎముక విరిగితే 24 నుంచి 48 గంటల్లో ఆపరేషన్‌ జరగడం మేలన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకొన్న మాట. వయసు కూడా అడ్డంకి కాదు. 2023 డిసెంబరు 7 రాత్రి తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్‌ ఎర్రవల్లి వ్యవసాయ క్షేత్రంలో జారిపడి తుంటి విరిగినప్పుడు ఆయన వయసు 69. మర్నాడే తుంటి కీలు మార్పిడి చేశారు. ఆ వెంటనే వాకర్‌తో నడిపించారు. తరువాతి ఫిబ్రవరి 1న చేతికర్రతో వచ్చి ఎమ్మెల్యేగా ప్రమాణం చేశారు. ఆయనకు చేసింది రాడ్డు ఆపరేషన్‌ కాకపోయినా సూత్రం ఒకటే. త్వరగా చేయాలి, త్వరగా నడిపించాలి.

మీ వంతు పని ఒకటుంది. వాడుతున్న మందుల చీటీ తప్పకుండా తీసుకురండి. ముఖ్యంగా ఈ మూడు చెప్పండి.

- క్లోపిడోగ్రెల్‌, వార్ఫరిన్‌ లాంటి రక్తం పలచబరిచే మందులు. మత్తు ఏ రకంగా ఇవ్వాలన్నది వీటిని బట్టి మారుతుంది. ఆస్పిరిన్‌ ఒక్కటే వాడుతుంటే సాధారణంగా ఆపరేషన్‌ ఆపక్కర్లేదు.
- డాపాగ్లిఫ్లోజిన్‌, ఎంపాగ్లిఫ్లోజిన్‌ అనే షుగర్‌ మాత్రలు. వీటిని వాడేవాళ్లకు షుగర్‌ మామూలుగా కనిపిస్తున్నా ఒంట్లో కీటోన్లు పేరుకోవచ్చు. ముందే తెలిస్తే జాగ్రత్త పడతాం.
- గుండెకు స్టెంట్‌, ఆస్తమా, ఫిట్స్‌, కీళ్లవాతానికి వాడే స్టెరాయిడ్లు.

బీపీ మాత్రలు మీ అంతట మీరు మానేయొద్దు. ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో డాక్టరును అడగండి.

ఈ సంకేతాలు కనిపిస్తే ఆగొద్దు

ఆపరేషన్‌కు ముందైనా, తర్వాతైనా రోగి పక్కన ఉండేది మీరే. నర్సు కంటే ముందు మీకే తెలుస్తుంది.

కాలు రాయిలా బిగిస్తే: పిక్క బిగుసుకుపోయి, ఇంజెక్షన్‌ ఇచ్చినా నొప్పి తగ్గక, కాలి వేళ్లను మెల్లగా పైకి వంచితే ప్రాణం పోయేంత బాధ ఉంటే వెంటనే చెప్పండి. లోపల వాపు పెరిగి కండరాలకు రక్తం అందకపోతే ఇలా జరుగుతుంది. ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పాదం వెచ్చగానే ఉంది కదా అని ధీమా పడొద్దు. కట్టు ఉంటే ముందు దాన్ని పూర్తిగా విప్పించాలి.

ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆయాసం, తికమక మాటలు: విరిగిన ఎముక మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, మెదడుకు చేరితే ఇలా అవుతుంది. ఛాతీ మీద, చంకల్లో ఎర్రటి చుక్కలు కూడా రావచ్చు. ‘నొప్పికి ఏదేదో మాట్లాడుతున్నాడు’ అని సరిపెట్టుకోవద్దు. ఆక్సిజన్‌ వెంటనే అందితే ఎక్కువమంది బయటపడతారు.

పిక్క వాపు, హఠాత్తుగా ఛాతీ నొప్పి: కదలిక లేని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. దీన్ని ఆపడానికే పొట్ట మీద చిన్న ఇంజెక్షన్లు ఇస్తారు. ‘ఇవి ఎందుకు, రక్తం పలచబడుతుందట’ అని మానిపించొద్దు.

ఇంటికి వెళ్లాక కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం ఉంటే మెడికల్‌ షాపులో మాత్రలు కొని వేయకండి. ఆపరేషన్‌ చేసిన డాక్టరుకే చూపించండి.

పథ్యం పేరుతో పస్తులు వద్దు

మన ఇళ్లలో ఆపరేషన్‌ అయిన మనిషికి పప్పు పెట్టరు, గుడ్డు పెట్టరు, వంకాయ అసలే పెట్టరు. చీము పడుతుందని భయం. పప్పు వల్ల చీము పట్టదు, క్రిములు చేరితే పడుతుంది. గాయం మానాలన్నా, ఎముక అతకాలన్నా మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు, రాగులు, నువ్వులు నిరభ్యంతరంగా పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తినాలి. విటమిన్‌ డి తక్కువ ఉంటే మందు వాడాలి. సిగరెట్టు, బీడీ, గుట్కా పూర్తిగా మానాలి. పొగతాగేవాళ్లలో టిబియా అతుక్కోవడం బాగా ఆలస్యమవుతుంది.

రాడ్డు వేయగానే ఎముక అతుక్కున్నట్టు కాదు. రాడ్డు పట్టి ఉంచుతుంది, అతికించేది మీ ఒళ్లే. టిబియా, తొడ ఎముక పూర్తిగా గట్టిపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంతవరకూ మంచం మీద ఉండాలని కాదు. మర్నాటి నుంచే మోకాలు, చీలమండ కదిలించే వ్యాయామాలు మొదలవుతాయి. బరువు ఎప్పుడు మోపాలన్నది ఫ్రాక్చర్‌ తీరును బట్టి సర్జన్‌ చెబుతారు. పక్కింటాయన పది రోజులకే నడిచాడని మీరూ నడవకండి, ఆయన మూడు నెలలు పడుకున్నాడని మీరూ పడుకోకండి. ఫిజియోథెరపీ మానేస్తే ఎముక అతికినా మోకాలు వంగదు.

డబ్బు లేదని ఆగకండి

ప్రభుత్వాసుపత్రుల ఆర్థోపెడిక్‌ విభాగాల్లో ఈ ఆపరేషన్లు రోజూ జరుగుతూనే ఉంటాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్‌ ఎన్టీఆర్‌ వైద్య సేవగా ఉన్న పథకంలో ఇలాంటి ఫ్రాక్చర్‌ ఆపరేషన్లు చాలావరకు ఉన్నాయి. అర్హతను ఆసుపత్రిలోని పథకం హెల్ప్‌డెస్క్‌లో అడగండి. రోడ్డు ప్రమాద బాధితుల కోసం కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత వైద్య పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందుతుంది.

రోడ్డు మీద ప్రమాదం చూస్తే..

- 108కి ఫోన్‌ చేయండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టరు.
- వంకర పోయిన కాలును లాగి సరిచేయబోకండి. అట్టముక్కో, కర్రో, మడిచిన దిండో ఆసరాగా పెట్టి, విరిగిన చోటుకు పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకుండా వదులుగా కట్టండి.
- రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీ పొడి, మట్టి వేయొద్దు.
- బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టొద్దు.
- ఆటోలో కాలు వేలాడేసి కూర్చోబెట్టి తేవద్దు.
- తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు. కడుపు నిండా ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదకరం.

తరచూ అడిగే ప్రశ్నలు

రాడ్డు తీయించాలా? 
అందరికీ అక్కర్లేదు. పెద్ద వయసువాళ్లకు సాధారణంగా ఉంచేస్తారు. యువకుల్లో స్క్రూ గుచ్చుకుంటున్నా, మోకాలి దగ్గర ఇబ్బంది ఉన్నా ఎముక పూర్తిగా గట్టిపడ్డాక, అంటే ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత తీస్తారు.

ఎమ్మారై తీయించుకోవచ్చా? 
ఇప్పుడు వాడే టైటానియం, స్టీలు రాడ్లతో చాలావరకు ఇబ్బంది ఉండదు. అయితే స్కానింగ్‌ గదిలోకి వెళ్లే ముందే తప్పక చెప్పాలి. ఆపరేషన్‌ కాగితాలు దాచుకోండి.

జీవితాంతం నొప్పి ఉంటుందా? 
ఎముక అతుక్కున్నాక చాలామందికి నొప్పి బాగా తగ్గిపోతుంది. టిబియాకు రాడ్డు వేసినవాళ్లలో కొందరికి మోకాలి మీద కూర్చున్నప్పుడు నొప్పి మిగిలిపోతుంది. ఇది ముందే తెలుసుకోవాల్సిన నిజం. నొప్పి మాత్రలు సొంతంగా నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంట్లో పెద్దవాళ్లకు తుంటి ఆపరేషన్‌ అయింది. ఇక నిశ్చింతేనా? 
చిన్నగా జారిపడితేనే ఎముక విరిగిందంటే అది గుల్లబారిందని అర్థం. దానికి విడిగా మందు వాడకపోతే రెండో తుంటికీ అదే గతి పట్టొచ్చు. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ, రాత్రి లైటు, జారని చెప్పులు ఈ వారమే ఏర్పాటు చేయండి.

ఆ రాత్రి మేనమామ చాలాసేపు వరండాలో ఒంటరిగా కూర్చున్నారు. పన్నెండు దాటాక వచ్చి, ‘‘మీ అన్నయ్యకే ఇలా అయితే ఏం చేస్తారండీ?’’ అని అడిగారు. ‘‘సంతకం పెట్టి, లోపలికి పంపించి, మీరిప్పుడు కూర్చున్న బల్ల మీదే కూర్చుంటాను’’ అన్నాను. సంతకం పెట్టారు. తెల్లవారేసరికి షుగర్‌ 170కి వచ్చింది. గాయం కడిగి, అదే మత్తులో రాడ్డు వేసి, నాలుగు స్క్రూలు బిగించారు.

ఐదు నెలల తర్వాత అతను నా ఓపీకి వచ్చాడు. కాలు చూపించడానికి కాదు, షుగర్‌ పరీక్షకు. కర్ర లేకుండా నడుస్తున్నాడు. కింద కూర్చుని భోంచేయడం ఇంకా ఇబ్బందిగానే ఉందని, కుర్చీలో కూర్చుంటున్నానని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ బైకుకు వెనక రెండు రేడియం స్టిక్కర్లు అంటించానన్నాడు. పక్కనే ఉన్న మేనమామ అందుకున్నారు. ‘‘మా ట్రాక్టరుకు నాలుగు అంటించామండీ.’’